పోయి రా, బేబీ

నన్ను తిట్టుకోవాలనుకుంటే ముందే తిట్టేసుకోండి. తర్వాత వినే ఓపిక నాకుండదు.

రెండువేల తొమ్మిది జూన్, ఆదివారం. మేం వలస వచ్చి ఉంటున్న మనురేవాలో చర్చి అయ్యాక నా భార్య గ్రేసమ్మ ముసలివాళ్ళ రెస్ట్‌హోమ్‌లో డ్యూటీకి వెళ్ళింది. నేను మా ఏడేళ్ళ షాలెంని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, వైకాటో నది సముద్రంలో కలిసే చోటికి డ్రైవ్ చేశా. గంట దారి. బయల్దేరేముందు గ్రేసమ్మ ఒకటే చెప్పింది.

"దానికసలే ఆయాసం. పఫర్ మర్చిపోకు. చలిలో తిప్పకు."

పఫర్ అంటే పిల్ల నోట్లో పెట్టుకుని నొక్కి పీల్చే మందు. ఆయాసం వచ్చినప్పుడు అది లేకపోతే షాలెంకి ఊపిరాడదు.

ఒడ్డున బోర్డు ఉంది. ఇది డాల్ఫిన్ల సాంక్చువరీ, ఇక్కడ వల వేయకూడదు అని. ఆ జాతివి ఇక వంద చిల్లరే మిగిలాయట. చదివి నాకు ఒళ్ళు మండింది. అంతర్వేదిలో పుట్టినవాణ్ణి, నడక రాకముందే వల పట్టినవాణ్ణి. నాకు చెప్పొచ్చారు పెద్ద! మా నాన్న చేత్తో అల్లిన వల, సూట్‌కేసులో దాచి తెచ్చుకున్నది, అక్కడే వేశా.

ఈ దేశంలో జూన్ అంటే చలికాలం, ఐదు దాటేసరికి చీకటి పడింది. మంచు దిగింది. బురద వాసన, కుళ్ళిన నాచు వాసన. వల లాగితే బరువుగా ఉంది. చేపల బరువు కాదు... మెలికలు తిరుగుతోంది.

డాల్ఫిన్ పిల్ల. షాలెం నడుం ఎత్తు కూడా లేదు పొడవు. వల దారాలు ముఖమంతా కోసేశాయి. తల పైకెత్తి ఊపిరి వదిలింది.

ఫూ...

"నాన్నా, బేబీ కాంట్ బ్రీత్," అంది షాలెం. "నా పఫర్ ఇద్దామా?"

నాలుగు దారాలు కోస్తే బతికేది. కత్తి జేబులోనే ఉంది. కానీ అది మా నాన్న వల. పైగా రోడ్డు మీద ఏదో బండి లైట్లు ఇటే వస్తున్నాయి. పట్టుబడితే వీసా ఊడుతుంది. దాని వీపు మీద మోకాలేసి నీళ్ళలోకి తొక్కిపట్టా. చాలాసేపు కొట్టుకుంది. షాలెం చూస్తూనే ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నా, అప్పుడు నాకు చిరాకు తప్ప ఏమీ కలగలేదు.

కొట్టుకోవడం ఆగింది. ఆ బండి అటు మలుపు తిరిగి పోయింది. అసలు ఇటు రానే లేదు.

దాన్ని వలలోంచి విడిపించి నీళ్ళలోకి నెట్టా. షాలెం చెయ్యి ఊపింది.

"పో, బేబీ."

మా పిల్ల మాట్లాడేదంతా ఇంగ్లీషే. వచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ నేను దిద్దినవే. అలవాటుగా నోరు జారా.

"పో అనకూడదమ్మా. పోయి రా అనాలి."

"పోయి రా, బేబీ."

చావింట్లో వెళ్ళొస్తానని ఎవరూ అనరు. చెప్పకుండా లేచి వచ్చేస్తారు. చచ్చినదాన్ని రమ్మనకూడదని నాకు తెలుసు. ఆ క్షణంలో తట్టలేదు.

తిరుగు దారిలో దీపాల్లేవు. వెనక సీట్లో పఫర్ నొక్కిన చప్పుడు. మళ్ళీ. మళ్ళీ.

"షాలెం, అన్నిసార్లు పీల్చకూడదు."

"నాట్ మీ, నాన్నా."

ఫూ...

కారంతా నాచు వాసన. అద్దంలో చూశా. షాలెం పఫర్‌ని పక్కనున్న ఖాళీ సీటు వైపు పట్టుకుని ఉంది.

"వన్ మోర్, బేబీ..." గుసగుసగా అంటోంది.

కారాపి వెనక్కి వెళ్ళా. ఆ సీటు తడిసి నీళ్ళు కారుతోంది. పఫర్ లాక్కుని నొక్కా. ఖాళీ. అప్పుడు మొదలైంది షాలెంకి ఆయాసం.

హాస్పిటల్ ఇంకా అరగంట. నూట ఇరవైలో తోలా. దేవుణ్ణి పిలిచా. మా నాన్నని పిలిచా. వెనక ఈల వేసినట్టు సన్నగా ఊపిరి... ఆ తర్వాత చిన్న గొంతు.

"నాన్నా... వెళ్ళొస్తా."

"వద్దు తల్లీ! ఎక్కడికీ వెళ్ళొద్దు!"

వెనక ఈల ఆగిపోయింది.

పాప నీళ్ళలో పడిందా అని డాక్టరు అడిగాడు. ఊపిరితిత్తుల నిండా నీళ్ళట. ముఖమంతా గళ్ళు గళ్ళుగా కోతలు. మా నాన్న వల కన్ను ఎంతో, ఆ గళ్ళూ అంతే.

సమాధిలో గుప్పెడు మట్టి వేస్తూ గ్రేసమ్మ, "పోయి రా నా తల్లీ," అంది. ఆమె నోరు మూయబోయా. అప్పటికే అనేసింది.

ఏడాది తిరగలేదు. నిన్న సాయంత్రం చీకటి పడుతుండగా వీధి తలుపు అవతల వినపడింది.

ఫూ...

దాని పక్కనే ఇంకో ఊపిరి. సన్నగా, ఈలలా. ఆ ఈల నాకు తెలుసు. ఏడేళ్ళు షాలెం పక్కన పడుకున్నా.

గ్రేసమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "వచ్చావా తల్లీ..." అంటూ గొళ్ళెం మీద చెయ్యి వేసింది. జుట్టు పట్టుకుని వెనక్కి ఈడ్చా. నా చెయ్యి కొరికింది. వదల్లేదు. తలుపుకి వీపు ఆనించి, నా కన్నకూతుర్ని, ఈ నోటితోనే అరిచా.

"పో!"

చప్పుడు ఆగింది. గ్రేసమ్మ ఏడుపు కూడా ఆగింది. చాలాసేపటికి తలుపు తీశా. బయట ఎవరూ లేరు. గడప ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా పొడిగా ఉంది.

తడి అడుగులు గడప లోపలి నుంచి మొదలయ్యాయి. నా వెనక్కి వచ్చి ఆగాయి.

చెవి పక్కన నాచు వాసన...

"పో అనకూడదు నాన్నా."