తలుపుకి కట్టిన తెల్లచీర

మా ఎదురింటిని విటేకర్ ఇల్లు అనేవారు. పొద్దుగూకాక దాని ముందు నుంచి ఎవరూ నడిచేవారు కాదట. అంతకు ముప్పై ఏళ్ళ ముందు అడవి తగలబడినప్పుడు అందులో ఒక ముసలావిడ పోయింది. ఊరంతా ఖాళీ చేసి వెళ్తే ఆవిడొక్కతే ఎందుకు ఉండిపోయిందో ఎవరూ చెప్పరు. కొండల్లో పొగ లేస్తే మాత్రం ఆ మూసిన తలుపు కొడుతున్న చప్పుడు వస్తుందనేవారు... లోపలి నుంచి.

ఇది ఎనభై ఏడులో, ఉత్తర కాలిఫోర్నియాలో వంద గడప కూడా లేని ఊళ్ళో జరిగింది. నేనూ అక్కడే ఉన్నాను కానీ సాక్ష్యానికి పనికిరాను. నాకప్పుడు ఎనిమిది నెలలు. మా అమ్మ దెబోరా చెప్పగా విన్నదే. కూరలో ఉప్పెక్కువైతే తనే ముందు ఒప్పుకునే మనిషి, అందుకే నమ్ముతాను.

అడవి అంటుకుని అప్పటికి తొమ్మిది రోజులు. మొదట్లో హడలిపోయినవాళ్ళే అలవాటు పడిపోయారు. పొద్దున్నే కారు మీద బూడిద తుడుచుకోవడం, ఇంటికప్పు మీద నీళ్ళు కొట్టడం, గుర్రాలని ట్రైలర్లలో ఎక్కించి పంపడం... ముందురోజు బడిలో మీటింగు పెట్టి ఒక మాట చెప్పారు. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు వీధి తలుపుకి తెల్లగుడ్డ కట్టి వెళ్ళాలి. గుడ్డ కనిపిస్తే పోలీసులు అక్కడ ఆగరు. నాకు జ్వరమని అమ్మ ఆ మీటింగుకి వెళ్ళలేదు. మా నాన్న జయరాజు డాక్టరు, ఆస్పత్రిలోనే చిక్కుకుపోయాడు. ఉన్న ఒక్క కారూ ఆయన దగ్గరే.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి గాలి తిరిగింది. పట్టపగలే చీకటి పడిపోయింది. ఫోన్ ఎత్తితే చప్పుడు లేదు. తలుపు సందుల్లోంచి పొగ వస్తోంది... నేను దగ్గుతున్నాను.

అమ్మ చేతికి దొరికింది ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీర. నీలం అంచుది, కాకినాడలో పెళ్ళికి కొన్నది. పొగ లోపలికి రాకుండా దాన్ని బకెట్లో నీళ్ళలో ముంచి, వీధి తలుపు బయట మేకులకి ముడేసి వేలాడదీసింది. కింది నుంచి దూరి లోపలికొచ్చి గడియ పెట్టింది.

కాసేపటికి పోలీసు జీపు వచ్చింది. కొంచెం మెల్లగా అయింది... ఆగకుండా వెళ్ళిపోయింది.

అమ్మ కిటికీ బాదింది, అరిచింది. ఆ గాలి హోరులో ఎవరికి వినిపిస్తుంది? మనుషులున్న ఇంటిని వదిలేసి ఎలా పోతారని ఏడ్చిందట.

అప్పుడు తలుపు మీద చప్పుడు. మూడుసార్లు — నెమ్మదిగా.

నన్నెత్తుకుని పరుగెత్తింది. గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయింది. కిటికీలోంచి ఎదురిల్లు కనిపిస్తోంది. ఏళ్ళ తరబడి చెక్కలు కొట్టి ఉన్న ఆ తలుపు బార్లా తెరిచి ఉంది.

"టేక్ ఇట్ డౌన్, హనీ..."

బయట నుంచి ముసలి గొంతు. గుసగుసగా, అది తీసెయ్యమని.

వెనక మంట, గడప దగ్గర ఆవిడ. ఎటూ పోలేక అమ్మ నేల మీద కూలబడి ప్రార్థన మొదలుపెట్టింది. తలుపు అవతల ఒక్కో ముడీ విప్పుతున్న అలికిడి — తర్వాత తడిబట్ట నేల మీద ఈడ్చుకుపోతున్న చప్పుడు.

కాసేపటికి మళ్ళీ తలుపు బాదారు. ఈసారి గట్టిగా, పోలీసులమని చెప్పి. జీపు వెనక్కి వచ్చింది. తలుపుకి చీర లేదు.

దారిలో అమ్మ కోపం ఆపుకోలేక మొదట ఎందుకు ఆగలేదని అడిగింది. నడుపుతున్న పెద్దాయన తెల్లగుడ్డ సంగతి చెప్పాడు. మరి వెనక్కెందుకు వచ్చారంది.

"మలుపులో ఒకావిడ రోడ్డుకడ్డంగా నిలబడి తెల్లగుడ్డ ఊపింది. నీలం అంచు ఉంది దానికి. మీ ఇంటివైపు చూపించింది. ఎక్కించుకుందామని దిగితే... లేదు."

అమ్మ విటేకర్ పేరెత్తింది. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆవిడ పోయినప్పుడూ ఈ రోడ్డు చూసుకున్నది నేనే," అన్నాడు. "ఆవిడ తలుపుకి తెల్ల దుప్పటి కట్టి ఉంది. అప్పుడూ ఇదే గుర్తు, ఖాళీ చేసిందనుకుని దాటిపోయాను. తర్వాత లోపల బకెట్టు చూశాను... సగం నీళ్ళున్నాయి."

ఆ ఆదివారం అమ్మ రంగుచీరతో చర్చికి వెళ్ళింది. తెల్లది మళ్ళీ కొనుక్కోలేదు. పోగొట్టుకున్నావా అని ఎవరైనా అడిగితే, లేదు, ఆవిడకిచ్చాను అంటుంది.