పదకొండో అడుగు

దేశ రాజధానిలో, ద్వారక అనే పేటలో రెండు సెక్టార్ల మధ్య ఒక జీబ్రా క్రాసింగ్ ఉంది. పగలు చూస్తే అక్కడేమీ లేదు. ఒక సిగ్నల్ స్తంభం, పక్కన దుమ్ము పట్టిన కాగితం పూల పొద, అంతే. రాత్రి పది దాటిందా, ఎర్రదీపం పడ్డా అక్కడ ఆగే మొనగాడు లేడు. క్యాబ్‌వాళ్లు అద్దాలు పైకెత్తుకుని, హనుమంతుణ్ణి తలచుకుని, ఒక్క తొక్కు తొక్కి దాటేస్తారు.

అక్కడ దెయ్యం ఉందట.

తెల్లగా ఉంటుందట. బండి దీపాలు పడగానే ఒళ్లంతా తళుక్కుమంటుందట. ఏదో మంత్రం గొణుక్కుంటూ ఒక్కొక్క అడుగే వేసి... నడిరోడ్డు మీదికొచ్చి... ఠక్కున ఆగి చెయ్యెత్తుతుందట. ఆగినవాడి పని సరి — అని చెప్పేవాళ్లే గానీ, ఆగినవాడు ఒక్కడూ లేడు. దెయ్యాల సంగతి ఎప్పుడూ ఇంతే, చూసినవాడికంటే చెప్పేవాడికే ఎక్కువ తెలుసు.

శేషగిరికి ఈ కథ అందరికంటే బాగా తెలుసు. అందుకే ఎనిమిది నెలలుగా చుట్టుతిరిగి వేరే దారిన ఇల్లు చేరుతున్నాడు.

ఆయనది తెనాలి. ముప్పై మూడేళ్లుగా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు. ఆ జనవరి గురువారం ఘాజియాబాద్‌లో మేనల్లుడి గృహప్రవేశం. భార్య కమలాకుమారి అక్కడే ఉండిపోయింది. పొద్దున్నే ఆఫీసుంది కదా అని ఈయన ఒక్కడే రాత్రికి రాత్రే కారులో బయల్దేరాడు. రోజూ వెళ్లే దారిలో ఎవరిదో బరాత్... బ్యాండు మేళం, గుర్రం మీద పెళ్లికొడుకు, రోడ్డుకడ్డంగా బారికేడ్లు.

"ఉధర్ సే నికల్ లో, అంకుల్," అన్నాడొక కుర్రాడు, క్రాసింగ్ వైపు చెయ్యి చూపిస్తూ.

వేరే గతి లేదు. పొగమంచు పది గజాల అవతల ఏమీ కనపడనంతగా కమ్మేసింది. హనుమంతుణ్ణి తలచుకుంటూ క్రాసింగ్ దాకా వచ్చాడు... ఎర్రదీపం పడింది.

ఎవరూ ఆగని చోట శేషగిరి ఆగాడు. అది ధైర్యం కాదు, అలవాటు. అర్ధరాత్రైనా, రోడ్డు మీద పిట్ట లేకపోయినా, ఎర్రదీపం పడితే ఆయన కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. ఆఫీసులో అందరూ ఆటపట్టించేవారు.

మంచులో ఏదో కదిలింది.

తెల్లగా... మనిషెత్తున... కారు దీపాలు తగలగానే గుండెల మీద రెండు పట్టీలు తళుక్కుమన్నాయి.

అడుగు వేసింది. ఇంకొకటి. కిటికీ అద్దం రెండు వేళ్ల సందు తెరిచే ఉంది. ఆ సందులోంచి గొణుగుడు వినిపించింది. అది మంత్రం కాదు.

"మూడు... నాలుగు... అయిదు..."

తెలుగు! ఈ ఊళ్లో ఈ దెయ్యం తెలుగులో ఎందుకు లెక్కపెడుతోంది? నాకోసమా?

ఆయన భయానికి పెద్ద కారణమే ఉంది. ఈ దెయ్యాన్ని పుట్టించింది ఆయనే.

కిందటి మే నెలలో, ఇలాగే ఒక గురువారం రాత్రి, ఇదే ఎర్రదీపం దగ్గర శేషగిరి ఆగి ఉన్నాడు. ఎవరో కుర్రవాడు, భుజాన పుస్తకాల సంచీతో, గీతల మీద తాపీగా రోడ్డు దాటుతున్నాడు. పక్క వరసలోంచి ఒక పెద్ద కారు దూసుకొచ్చింది. దీపం చూడలేదు, కుర్రవాణ్ణీ చూడలేదు.

కారు ఆగాక కుడివైపు తలుపు తెరుచుకుంది. స్టీరింగు ముందునుంచి ఒక మనిషి నడుం వంచుకుని దిగాడు. అంత ఎత్తువాడికి ఏ కారైనా ఇరుకే. వీధి దీపం వెలుగులో ఆ ముఖం స్పష్టంగా కనిపించింది. ఆ ముఖం శేషగిరి ఇంట్లో, హాలు గోడ మీద ఉంది. వాలీబాల్ కెప్టెన్ తేజ్‌వీర్! దేశానికి పతకాలు తెచ్చినవాడు. ఆట మానేసి పదేళ్లయినా ఎక్కడికెళ్లినా జనం కెప్టెన్ సాబ్ అనే పిలుస్తారు. ఆయన అవార్డు ఫైలు కదిలింది శేషగిరి బల్ల మీదే. ఆ రోజు పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో అది.

ఎడమవైపునుంచి ఇంకొకడు దిగాడు. ఇద్దరూ గుసగుసలాడుకుని చోట్లు మారారు.

ఇంతలో పచ్చదీపం పడింది. శేషగిరి వెళ్లిపోయాడు.

ఎవరో ఒకరు చెబుతారులే అనుకున్నాడు. కోర్టులు, వాయిదాలు, రిటైర్మెంటు ముందు ఈ తద్దినం నాకెందుకు అనుకున్నాడు. కెప్టెన్ సాబ్ మీద నేనా చెప్పేది అనీ అనుకున్నాడు, నిజం దాచడమెందుకు. సోమవారం పేపర్లో వచ్చింది, కారు నడిపినది జీతపు డ్రైవరని, వాడే వచ్చి లొంగిపోయాడని. కెప్టెన్ సాబ్ వెనక సీట్లో నిద్రపోతున్నాడట.

ఆఫీసువాళ్లంతా కలిసి మాట్లాడుకున్న చార్టర్డ్ బస్సులో ఆ పొద్దున దారంతా అదే ముచ్చట. పక్కసీటు లక్ష్మీనారాయణ ఉన్నట్టుండి అడిగాడు, "గురువారం మీరు అటునుంచే కదండీ వచ్చింది?"

శేషగిరి కిటికీ వైపు తిరిగాడు. "అబ్బే... రాత్రిపూట నేనటు రానండీ," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ చోటు మంచిది కాదు. అక్కడ... తెల్లగా ఏదో నిలబడుతుంది."

తప్పించుకోవడానికి అన్న మాట. సాయంత్రానికి ద్వారక అంతా పాకింది. నెల తిరక్కుండానే నిజంగా చూశామన్నవాళ్లు బయల్దేరారు. తనల్లిన అబద్ధం లేచి తిరుగుతోందని తెలిసి ఆయనకు నిద్ర పట్టడం మానేసింది.

"తొమ్మిది... పది... పదకొండు."

ఆగింది. సరిగ్గా ఆ కుర్రవాడు పడ్డచోట. చెయ్యెత్తింది. తర్వాత కారు వైపు తిరిగింది... దగ్గరికొచ్చింది... అద్దం మీద వేళ్లతో తట్టింది.

"భయ్యా... ఉస్ రాత్... ఆప్ దేఖా క్యా?"

ఆ రాత్రి చూశారా అని అడుగుతున్న, వణుకుతున్న ముసలి గొంతు. తెల్లచీర, నెత్తిన మఫ్లరు, పైన రోడ్డు పనివాళ్లు తొడుక్కునే మెరుపు పట్టీల జాకెట్. చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. దెయ్యాలకు చలి వెయ్యదు కదా అని శేషగిరికి అప్పుడు తట్టింది.

"మీరు... ఎవరమ్మా?"

తెలుగు వినగానే ఆమె ముఖం ఒక్కసారి విప్పారింది. "మనోళ్లేనా సార్! నా పేరు జానకమ్మ. మాది హుజూరాబాద్ దిక్కు. ఈడ సచ్చిపోయింది నా కొడుకు సార్, సాయిప్రకాష్. మునిర్కాల రూం తీసుకుని కలెక్టరు పరీక్షలకు సదువుతుండె. గురువారం గురువారం ఈడ పిల్లలకు ట్యూషన్ చెప్పేటోడు."

శేషగిరి అద్దం పూర్తిగా దించాడు.

"వాడి రూంలనే ఉంటున్న. పోరగాండ్లకు వండిపెడ్తున్న. గురువారం ఈ తొవ్వ పోయేటోళ్లు మళ్ల గురువారమే పోతరు గదా, ఎవరన్న సూసినోళ్లు దొరుకుతరని వొస్త. కారోళ్ల లాయరేమో, మావోడు ఒక్కసారే ఉరికొచ్చి అడ్డం పడ్డడంటడు. ఎట్ల సార్? పదకొండు అడుగులు నడిశిండు. నేను ఎన్నిసార్లు లెక్కబెట్టినా పదకొండే. చీకట్ల కనపళ్లేదంటడు. గందుకే ఇది తొడుక్కున్న. నేనన్న కనపడాలె గదా."

ఆమె జాకెట్ పట్టీని అరచేత్తో తుడుచుకుంది.

"ఆయినె పెద్ద ఆటగాడంట. పతకాలు తెచ్చిండని జడ్జిసాబు జర దయ సూపితే సూపనీ. కానీ నడిపింది ఆయినేనని అందరు గుసగుసలాడేటోళ్లే, ఒక్కలన్న కోర్టుల చెప్పాలె గదా సార్. రేపే వాయిదా. ఎనిమిది నెలలాయె, ఒక్క బండి ఆగలే. ఈడ దయ్యం ఉందంట, అందుకే ఆగరంట. ఎవలు పుట్టిచ్చిండ్రో..."

శేషగిరికి దుఃఖం తన్నుకొచ్చింది. తలుపు తెరిచి దిగాడు.

"నేనేనమ్మా... ఆ కథ పుట్టించింది నేనే. ఆ రాత్రి ఇక్కడే ఆగి ఉన్నాను. అంతా చూశాను. ఆయనే నడిపాడు."

జానకమ్మ ఆయన ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు.

"నడిశిండా సార్ మావోడు?" అంది. "ఉరకలే గదా?"

"నడిచాడమ్మా. తాపీగా నడిచాడు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత కొంగు వదిలి, "రేపు పది గంటలకు. వొస్తరా?" అంది.

"వస్తాను."

పచ్చదీపం పడింది. శేషగిరి కదల్లేదు.

జానకమ్మ మళ్లీ కొడుకు పడ్డచోటికి వెళ్లి నిలబడింది. చెంగు సర్దుకుంది. అడుగు ముందుకేసింది.

"పన్నెండు," అంది మెల్లగా. "పదమూడు... పద్నాలుగు..."

అవతలి గట్టు చేరేదాకా లెక్కపెడుతూనే ఉంది.