ముళ్ళమూల హద్దురాయి

మా ఎల్డర్‌కోంబ్‌లో పొద్దుగూకాక ముళ్ళమూల దారి పట్టేవాడు లేడు. అక్కడ కంచె పక్కన నడుమెత్తు రాయి ఒకటుంది. మా పారిష్‌కీ, అంటే మా చర్చి కిందున్న పొలిమేరకీ, అవతలి లాంగ్‌స్లో పారిష్‌కీ అదే హద్దు. నూటయాభై ఏళ్ళ కింద జేబెజ్ అనే చర్చి గుమాస్తా, లాంగ్‌స్లో దొర గొర్రెల మేత కోసం ఆ రాయిని రాత్రికి రాత్రి ఇవతలకి జరిపాడట. చచ్చాక కూడా వాడికి ఆ రాయిని వెనక్కి నెట్టే చాకిరీ తప్పలేదు. చీకటి పడితే చాలు, అక్కడ రొప్పు వినిపిస్తుంది... ఉఫ్... ఉఫ్... అని.

నేను సమాధులు తవ్వేవాణ్ణి. నాకే భయమంటే ఇక మిగతావాళ్ళ సంగతి చెప్పాలా!

ఇప్పుడు చెప్పబోయేది ఏమాస్ టక్‌వెల్ నోట నేను విన్నది. వాడి ఇల్లు ఆ రాయికి దగ్గర. వాడి పెళ్ళాం కెజయా మా సమాధుల తోటలో ఉంది. ఆవిడ పక్కన వాడికోసం జాగా నేనే అట్టేపెట్టాను. మా చర్చికి కొత్తగా వచ్చిన లమ్లీ అయ్యగారు పటం పరిచి అంతా చెడగొట్టారు.

“మన పారిష్‌లో కాపురమున్నవాళ్ళకే ఇక్కడ చోటు, టక్‌వెల్. రాయి ప్రకారం నీ ఇల్లు లాంగ్‌స్లోది. నీ కోళ్ళగూడు మాత్రం మనది.”

“అయితే కోళ్ళగూట్లోనే కాపురం పెడతానండీ అయ్యగారూ!”

అన్నంత పనీ చేశాడు మొండిఘటం. వారం రోజులు కోళ్ళ మధ్యే పడుకున్నాడు. దగ్గు పట్టుకుంది.

“ఒరే ముసలాడా, ఇంట్లో వెచ్చగా పడి చావరాదూ?” అని తిట్టాను.

“ఇంట్లో చస్తే నన్ను కెజయా పక్కన పడుకోబెడతావట్రా?” అన్నాడు.

మర్నాడు హద్దు కొట్టే పండగ. ఏటా ఊరంతా సన్నటి కొమ్మలు పట్టుకుని హద్దు చుట్టూ తిరిగి, ప్రతి రాయినీ బాది, ఎవరో ఒకరి నెత్తి దానికేసి మోదుతాం, రాయి ఎక్కడుందో మర్చిపోకుండా. ఈసారి దాన్నిబట్టే అయ్యగారు కొత్త పటం మీద సంతకం పెడతారు. అది అయిందంటే ఏమాస్ పని అయిపోయినట్టే.

అందుకే పండగ ముందు రాత్రి ఏమాస్ గడ్డపార భుజాన వేసుకుని బయల్దేరాడు.

చీకటి... పొగమంచు... దగ్గు మింగుకుంటూ కంచె మలుపు తిరిగాడు.

ఉఫ్... ఉఫ్...

రాయి మీదకి ఏదో వంగి ఉంది — తెల్లగా... పొడుగ్గా!

“జే... జేబెజ్?” అన్నాడు.

ఆ తెల్లటిది గావుకేక పెట్టి వెనక్కి పడింది. “ప్రభువా! జేబెజ్, నన్నేం చెయ్యకు!”

లమ్లీ అయ్యగారు! రాత్రి చొక్కాతో, బురదలో. చేతిలో గడ్డపార — నాదే, అడక్కుండా పట్టుకుపోయారు.

“మీరా! ఇక్కడేం చేస్తున్నారండీ?”

“అరవకు... పగలు నేను రూలు తప్పలేను. రాత్రేమో నిద్ర పట్టదు. కళ్ళు మూస్తే నువ్వూ, నీ కోళ్ళూ!”

ఇద్దరూ రాయికి భుజాలు ఆనించారు. కదల్లేదు. మళ్ళీ నెట్టారు... ఉన్నట్టుండి తేలికైపోయింది! తడి బండ మీద సబ్బులా జారింది — ఇల్లు దాటి, పెరడు దాటి, మేత బీడులోకి. దాని వెనక ఇద్దరూ పరుగు! చివరికి గడ్డి మొలిచిన ఒక పాత గుంటలో ధబ్బున దిగింది. వేలు పట్టే సందు లేకుండా సరిపోయింది.

“అమ్మయ్య...!”

“మెల్లిగా అయ్యగారూ, ఎవరైనా వింటారు” అన్నాడు ఏమాస్.

“నేననలేదే... నువ్వు కదూ?”

ఇద్దరూ ఇంటిదాకా ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదట.

మర్నాడు రాయిని అక్కడే బాదాం. మోదడానికి అయ్యగారే తన నెత్తి ఇచ్చారు. లాంగ్‌స్లో వాళ్ళు నోరెత్తలేదు, దెయ్యంతో తగువెవడు పెట్టుకుంటాడు? ముళ్ళమూలలో రొప్పు కూడా ఆగిపోయింది.

ఏమాస్ ఆ చలికాలం తన మంచం మీదే హాయిగా పోయాడు. కెజయా పక్కన గొయ్యి తవ్వడానికి వెళ్ళాను. నేల గడ్డకట్టి రాయిలా ఉంది. రెండు రోజుల పని అనుకున్నాను. పార వేస్తే మట్టి దానంతటదే లేచి వస్తోంది! గంటలో అయిపోయింది. నాకు చెమటైనా పట్టలేదు, ఆయాసమూ లేదు.

కానీ గోతిలో, నా పక్కనే... ఉఫ్... ఉఫ్...