గండికి మొక్కిన జుట్టు

అసురసంధ్య! బాలి దీవిలోని అగ్నిపర్వతం మీద ఆకాశం గడ్డకట్టిన నెత్తురులా నల్లబడుతోంది. ఎక్కడో ఉరుము... బిలంలోంచి గంధకపు పొగ బుసలు కొడుతూ లేస్తోంది.

అద్దెకారు వెనక సీట్లో మూడేళ్ల హాసిని కొయ్యలా బిగుసుకుపోయింది. తెరిచిన కళ్లలో తెల్లగుడ్లే! ఊపిరి సన్నటి దారంలా ఆడుతోంది. చెవి పక్కన ఒక పాయ కత్తిరించి ఉండడం గాయత్రి అప్పుడే చూసింది.

పుట్టాక కత్తెర తగలని జుట్టు అది. గండి వీరాంజనేయస్వామికి మొక్కి, ప్రొద్దుటూరులో దేవుడి గూట్లో ముడుపు రూపాయి కట్టి, తీయకుండా ఉంచిన పుట్టువెంట్రుకలు!

"ఎవురు కత్తిరించినారు?"

స్టీరింగు ముందు కూర్చున్న భర్త శరత్ చంద్ర తల తిప్పలేదు. "మామ అడిగినాడు... అంగడి బాగుపడతాదంట. ఒక పాయే గదా అనుకుంటి."

"నీ అంగడి కాలిపోను! బిడ్డ ఊపిరి పోతాంది, చూడు!"

ముందుసీట్లో కూర్చుని, ఆమె కట్టిన పులిహోర పొట్లాలు తింటూ దీవంతా తిరిగిన భర్త మేనమామ వెంకటరమణయ్య ఇప్పుడు కారులో లేడు. గాయత్రి బూడిదలో పడుతూ లేస్తూ పరుగెత్తింది.

బిలం అంచున ఉన్నాడు! చేతిలో, దారిలో ఏరుకున్న కోతిపుర్రె... దానికి చుట్టిన పసిజుట్టు! పెదవులపై ఏదో క్షుద్రమంత్రం!

"మామా, ఏం చేస్తాండావు? ఇటియ్యి ఆ జుట్టు!"

"ఆడనే ఉండు! మనిషి వెలిగించని మంట ఇది. ఈ పుర్రె అందులో పడిందంటే శక్తంతా నాదే. నీకు ఇంకో బిడ్డ పుడతాదిలే!"

ఇంకో బిడ్డ! దోసె మాడితే ఇంకోటి పోసుకున్నట్టు! గాయత్రి ఒళ్లంతా నిప్పయింది.

"స్వామి సొత్తును కోతిపుర్రెకు చుట్టినావేందిరా! ఆయన ఎవురనుకున్నావు? గాలికి పుట్టినోడురా!"

అయినా అతడు పుర్రెను బిలంలోకి విసిరాడు!

అంతే... గాలి తిరిగింది! హోరున లేచిన ఆ గాలికి పుర్రె వెనక్కి దూసుకొచ్చి అతడి నుదురు పగలగొట్టింది. పొగ పెద్ద తోకలా అతడి మొలను చుట్టి లాగింది! "శరతా..." అన్న కేక బిలంలో ఎక్కడో ఆగిపోయింది.

పొగలోంచి తేలివచ్చిన పాయ గాయత్రి కొంగు మీద వాలింది. కారులో హాసిని గొంతు విప్పి ఏడ్చింది.

బిడ్డను ఎత్తుకుని ఎదురొచ్చిన శరత్ చంద్ర గొణిగాడు. "ఇంటికాడ ఏం చెప్పాల?"

బిడ్డను లాక్కుని, కొంగున పాయను ముడివేసిందామె.

"మన్ను చెప్పు! కారు తియ్యి ముందు. గండిలో మంగలి ముందర బిడ్డ పక్కన నువ్వు గూడా కూర్చుంటాండావు. మీసాలు గూడా తీసేయమంటా!"