తడిసిన చందా కాగితాలు

డిటెక్టివ్ ఆఫీసు తలుపు నెట్టుకుని వచ్చినావిడ కూర్చోమన్నా కూర్చోలేదు. చేతులు నలుపుకుంటూ నిలబడే చెప్పుకొచ్చింది. ఆమె భర్త ఎన్నికల ఆఫీసులో రికార్డు గుమాస్తా. మున్సిపల్ ఎన్నికల్లో ఎవరు ఎవరికి చందాలిచ్చారో చెప్పే కాగితాలు ఆయన గదిలోనే ఉంటాయి. అడిగినవాళ్లకి చూపించి తీరాలన్నది చట్టం. తమ వీధి బడి వెనక చెత్త డంపు పెట్టారని ఒళ్లు మండిన ఒక బస్సు డ్రైవరమ్మ, కొత్త చైర్మన్ కాగితాలు చూస్తానని అర్జీ పెట్టింది. మర్నాడు రమ్మన్నారు. తెల్లారేసరికి గదిలో పైపు పగిలి ఆ కాగితాలు కాస్తా ముద్దయిపోయాయి. నిర్లక్ష్యమని గుమాస్తాని సస్పెండ్ చేశారు.

"చీమకి కూడా హాని చెయ్యని మనిషమ్మా. జైల్లో పెడతారేమోనని భయంగా ఉంది," అందావిడ.

డిటెక్టివ్ అప్పటికే లేచింది. ఆమె మొహంలో అంత కోపం పక్కనే ఉన్న ఆమె సహాయకుడు ఎప్పుడూ చూడలేదు.

ఎన్నికల అధికారి మర్యాదస్తుడే. తన గదిలో మూలనున్న క్యాన్‌లోంచి స్వయంగా నీళ్లు పట్టిచ్చాడు. కుళాయి నీళ్లు ఒట్టి తుప్పని, ఆఫీసు మొత్తానికి మంచినీళ్లున్నది తన గదిలోనేనని, అందుకే గది తాళం తన దగ్గరే పెట్టుకుంటానని నవ్వాడు.

రికార్డు గదిలో పైపు కింద గోడంతా ఎర్రటి చారలు. బీరువాలోని ఫైళ్ల అంచులకీ అదే మరక. డిటెక్టివ్ ఆరిపోయిన చందా కాగితాల ముద్దని వెలుతురులో తిప్పి చూసి సహాయకుడి చేతికిచ్చింది. అక్షరాలు కరిగిపోయాయి, కాగితం మాత్రం తెల్లగా ఉంది. అతనికేమీ తట్టలేదు.

ఆ సాయంత్రం ఆవిడ అందర్నీ అక్కడికే పిలిపించింది. గుమాస్తా దంపతులు, డ్రైవరు, అధికారి, చైర్మన్, ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు.

"పైపు నీళ్లు తగిలినవన్నీ ఎర్రబడ్డాయి. ఇవొక్కటే తెల్లగా ఎందుకున్నాయి?"

డిటెక్టివ్ ఆ ముద్దని అధికారి ముందు పెట్టింది.

"మంచినీళ్లలో నానబెట్టారు కాబట్టి. పైపు ఆ తర్వాత పగలగొట్టారు. మంచినీళ్లు ఎక్కడున్నాయో, ఆ తాళం ఎవరిదో మీరే చెప్పారు సార్."

అధికారి చైర్మన్ వైపు చూశాడు. చైర్మన్ మొహం తిప్పుకున్నాడు. ఇక తనకి దిక్కులేదని అధికారికి అర్థమైంది. చైర్మన్ చెయ్యమంటేనే చేశానని, ప్రమోషన్ ఆశపెట్టాడని కక్కేశాడు.

"కాగితాలైతే పోయాయిగా," అన్నాడు చైర్మన్ తాపీగా.

"పోతే మీరు మళ్లీ ఇవ్వాలి. చట్టంలో ఆ మాట కూడా ఉంది. బ్యాంకులో మీ ఖాతా తడవలేదు." డిటెక్టివ్ గుమాస్తా వైపు చెయ్యి చూపించింది. "మిమ్మల్ని ఎవరు కొనుక్కున్నారో ఊరికి తెలియకూడదని ఈయన నోటికాడి కూడు లాగేశారు. సిగ్గుగా లేదూ?"

అధికారిని అరెస్టు చేశారు. చైర్మన్ మీద కేసు నడుస్తూనే ఉంది. గడువు ముగిసేదాకా ఈడ్చి ఈడ్చి, చివరికి కాగితాలు మళ్లీ ఇచ్చాడు. గుమాస్తా తిరిగి కుర్చీలో కూర్చున్న రోజున డ్రైవరు వచ్చింది. ఆమె వెనక వీధి వీధంతా వచ్చింది. చందాలిచ్చినవాళ్లలో మొదటి పేరు, బడి వెనక చెత్త పోయించే కాంట్రాక్టరుది. ఆమె పైకి చదివింది.

బయట నిలబడ్డవాళ్లు వినపడలేదన్నారు. ఆమె ఇంకా గట్టిగా చదివింది.