సగం నిండిన ట్యాంకు

"పైపు పట్టుకుని ఇక్కడే నిలబడు. నీళ్ళు పొంగి బయటికొచ్చాక కుళాయి కట్టేసి నాకు చెప్పు," అన్నాడు నాన్న.

"సరే నాన్నా!" అంది పిచ్చుక.

ఆ పిల్ల అసలు పేరు వేరే. పొద్దస్తమానం కిచకిచమంటూ మాట్లాడుతూనే ఉంటుందని ఇంట్లో అందరూ అలా పిలుస్తారు.

సెలవులు కదా, అమ్మా నాన్నా, అమ్మమ్మా, తమ్ముడూ, పిచ్చుకా, ఇంటిల్లిపాదీ వ్యానులో బయల్దేరారు. నాన్న వడ్రంగి. పాత వ్యాను ఒకటి కొని, లోపల మంచాలూ అలమరలూ చిన్న వంటగట్టూ తనే బిగించాడు. అడుగున నీళ్ళ ట్యాంకు పెట్టాడు. వంటకీ, గిన్నెలకీ, మొహాలు కడుక్కోవడానికీ అదే ఆధారం. దానికి మీటరు లేదు. నిండితే మూతి దగ్గర పొంగుతుంది, అంతే.

పెట్రోలు బంకు కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తున్నాయి. పిచ్చుక ఒక కాలి మీద నిలబడింది. తర్వాత రెండో కాలి మీద నిలబడింది. ట్యాంకు మాత్రం పొంగలేదు.

అంతలో గోడ పక్కన రెండు కుక్కపిల్లలు కనిపించాయి. ఒకటి రెండోదాని తోక పట్టుకుని లాగుతోంది!

'ఈపాటికి నిండే ఉంటుందిలే,' అనుకుంది పిచ్చుక. కుళాయి కట్టేసి పరుగెత్తింది.

"నిండిందా తల్లీ?" నాన్న వచ్చి అడిగాడు.

"ఆ, నిండింది!" తల తిప్పకుండానే చెప్పింది.

సాయంత్రానికి వ్యాను కొండమీదికి చేరింది. చుట్టూ గడ్డి, గాలి తప్ప ఏమీ లేవు. ఊరు ఎక్కడో కింద ఉంది. అమ్మ బంగాళాదుంపలు తరిగి, కడగబోయి వంటగట్టు కుళాయి తిప్పింది.

గుర్ర్‌ర్... గాలి వచ్చింది. రెండు చుక్కలు రాలాయి. తర్వాత అవీ లేవు.

"ఇదేంటి? మధ్యాహ్నమేగా నింపాం! దారిలో వంటకీ గిన్నెలకీ వాడినా ఇంకా సగం ఉండాలి!" అంది అమ్మ.

నాన్న చూపు తమ్ముడి మీదికి వెళ్ళింది. దారిలో టీ కోసం ఆగినప్పుడు వాడు తన బొమ్మ లారీని ఆ కుళాయి కిందే కడిగాడు.

"నువ్వేనా? నీళ్ళన్నీ పారబోశావా?"

"ఒక్క మగ్గే నాన్నా..."

"మగ్గు నీళ్ళకే ట్యాంకు ఖాళీ అవుతుందా? రేపంతా నీకు లారీ లేదు, పో." నాన్న లారీని తీసి పై అలమరలో పెట్టేశాడు.

తమ్ముడు ఏడవలేదు. దుప్పటి మీదికి లాక్కుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. దుప్పటి మాత్రం చిన్నగా కదులుతోంది.

పిచ్చుక కిటికీ దగ్గరే కూర్చుండిపోయింది.

"ఏమే, కుళాయితో పాటు నువ్వూ ఆగిపోయావేంటి?" అంది అమ్మమ్మ.

పిచ్చుకకు నవ్వు రాలేదు. కదులుతున్న దుప్పటి వంకే చూసింది. లేచి నాన్న దగ్గరికి వెళ్ళింది.

"నాన్నా... వాడు కాదు. అసలు ట్యాంకు నిండనే లేదు. నేను చూడకుండానే నిండిందని చెప్పాను."

నాన్న ఏదో అనబోయి, తమ్ముడి వైపు చూసి ఆగిపోయాడు. చెయ్యి చాపి పైనున్న లారీని తీశాడు. దుప్పటి పక్కన కూర్చున్నాడు.

"ఇదిగోరా నీ లారీ. నేనూ ఏమీ చూడకుండానే నిన్ను అనేశాను. తప్పు నాదే."

దుప్పటిలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి లారీని లోపలికి లాక్కుంది.

నాన్న పిచ్చుక వైపు తిరిగాడు. "మలుపు దగ్గర చేతి పంపు ఒకటి చూశాను. చిన్న డబ్బా నువ్వు తీసుకో. పద."

"నా మాత్రలకి సీసాలో నీళ్ళున్నాయి. మీరు కంగారుపడి పరుగెత్తకండి అల్లుడూ," అంది అమ్మమ్మ.

కొండ దిగేటప్పుడు డబ్బా తేలిగ్గా ఊగింది. నీళ్ళతో ఎక్కేటప్పుడు పిడి వేళ్ళను కోసేసింది. పిచ్చుక ఆగి చెయ్యి మార్చుకుంది. నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగింది. నాన్న ఆ డబ్బా అందుకోలేదు. కానీ ఆమె ఆగినప్పుడల్లా తనూ ఆగాడు.

"ట్యాంకులో ఉంటే నీళ్ళకి ఇంత బరువుండదు కదా నాన్నా?"

"ఎందుకుండదు? వ్యాను మోస్తుంది కాబట్టి మనకి తెలీదు."

ఆ రాత్రి దుంపలు కడిగిన నీళ్ళను కూడా అమ్మ పారబోయలేదు. భోజనాలయ్యాక అమ్మమ్మ పళ్ళాలన్నీ కాగితంతో గట్టిగా తుడిచింది. అప్పుడు దుంపల నీళ్ళతో ఒకసారి, మంచి నీళ్ళతో ఒకసారి కడిగితే సరిపోయింది. కడిగే పని పిచ్చుకే అడిగి తీసుకుంది. ఒక్క చుక్క కూడా కింద పడనివ్వలేదు.

తెల్లవారింది. సామాన్లు సర్దేశారు. నాన్న స్టీరింగు ముందు కూర్చుని వెనక్కి కేకేశాడు.

"పైకప్పు కిటికీ వేశావా తల్లీ?"

"ఆ, వే..."

మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"లేదు నాన్నా, ఇంకా చూడలేదు. ఒక్క క్షణం ఉండు!"

పిచ్చుక మంచం ఎక్కి, మునివేళ్ళ మీద నిలబడి చెయ్యి పెట్టి చూసింది. ఒకవైపు గొళ్ళెం పడింది. రెండోవైపు పడలేదు. టక్కుమనేదాకా నొక్కింది. రెండూ ఒకసారి లాగి చూసింది. కదల్లేదు.

"ఇప్పుడు వేశాను!"

నాన్న వ్యాను స్టార్టు చేశాడు.