తొమ్మిదో ముక్క

ఆదివారం మధ్యాహ్నం. అందరూ కునుకు తీసే వేళ తమ్ముడు మాత్రం అక్క ఇంటి హాల్లో కంప్యూటర్ ముందు కూర్చుని బావ గొంతు వెతుకుతున్నాడు.

గొంతు ఆపరేషన్‌కి ముందు, ఇక మాట రాదని తెలిసి, అక్క కడుపులో ఉన్న బిడ్డ కోసం బావ కథలు చెప్పి రికార్డు చేశాడు. బిడ్డ పుట్టకముందే పోయాడు. పిల్లకిప్పుడు నాలుగేళ్లు. పోయిన వారం కంప్యూటర్లో డిస్కు చచ్చింది. మిగిలింది బ్యాకప్పే. లైనక్స్‌లో దాన్ని పన్నెండు ముక్కలు చేసి పాత డిస్కులో దాచింది తమ్ముడే. దాచాక ఒక్కసారైనా తీసి చూసుకున్న పాపాన పోలేదు. ఆఫీసులో అందరికీ ఆ పాఠం చెప్పేది మాత్రం ఆయనగారే!

మొదటిసారి అతికితే తెరుచుకోలేదు. అంకెల వరసలో కాక పేర్ల అక్షరక్రమంలో అతికాడు మరి, ఒకటి తర్వాత పది వచ్చి కూర్చుంది. నాలుక కరుచుకుని, వరస సరిచేసి మళ్లీ మొదలుపెట్టాడు. ఎనిమిది ముక్కలు చక్కగా వచ్చాయి. తొమ్మిదో దాని దగ్గర ఆగింది.

ఫైలు చెడిందో లేదో తేల్చే సంఖ్య, దాని చెక్‌సమ్ తీశాడు. దాచినప్పుడు రాసుకున్న సంఖ్యతో కలవలేదు. మళ్లీ తీస్తే ఇంకో సంఖ్య. మళ్లీ ఇంకోటి. డిస్కు పాతదైతే అంతేలే అని సర్దిచెప్పుకున్నాడు. కానీ ఫైలు సైజు కూడా పెరుగుతోంది... రాయడానికి వీల్లేకుండా తగిలించిన డిస్కులో. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. డిస్కు టిక్కు టిక్కుమంటోంది.

"వచ్చిందారా?" అక్క గుసగుసగా అడిగింది. లోపల గదిలో పిల్ల పడుకుంది.

"సగం పైనే వచ్చిందక్కా."

"ఉన్నంత వరకూ పెట్టు. దానికి వాళ్ల నాన్న గొంతు వినిపించాలిరా."

పెట్టాడు.

"అనగనగా ఒక ఏనుగు. ఏనుగు ఎలా ఉంటుంది, బంగారం?" బావ గొంతు. అక్క కళ్లు తుడుచుకుంది. ఆ కథలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ప్రశ్న అడిగాక, బిడ్డ జవాబు చెప్పడానికి బావ కాసేపు ఆగేవాడు.

"పే...ద్దగా!"

పిల్ల గొంతు, స్పీకర్లోంచే.

అక్క అతని భుజం గట్టిగా పట్టుకుంది. "అప్పటికి... అది కడుపులోనే ఉందిరా."

ఆపబోయాడు. ఆగలేదు. తెర మీద ప్రోగ్రామ్ మూసినా, మీటలన్నీ నొక్కినా ఆగలేదు. డిస్కు కేబుల్ పీకేశాడు. అయినా తెర మీద తొమ్మిదో ముక్క వస్తూనే ఉంది.

"నా దగ్గరికొస్తావా, బంగారం?"

"ఊఁ."

అక్క గదిలోకి పరిగెత్తింది. వెనకే అతనూ. పిల్ల మంచం మీద లేచి కూర్చుని ఉంది. ఒంటి మీద గీత కూడా పడలేదు. తల్లిని చూసి నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. చప్పుడు లేదు. గొంతు పట్టుకుని, భయంతో మళ్లీ కదిపింది.

"అమ్మా!" అన్న కేక వాళ్ల వెనక, హాల్లో స్పీకర్లోంచి వచ్చింది.